అక్క మాట కోసం తిరుత్తణి దాకా

తిరువళ్ళూరు వెళ్ళి వచ్చానంటే కర్నూలులో మా వీధివాళ్ళు దర్శనం బాగా జరిగిందా అని అడిగారు. దర్శనమూ జరిగింది. కానీ నేను వెళ్ళింది మా అక్క రాజేశ్వరి కోసం. ఆమెకు నాలుక మీద క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌కు ముందు రోజు వెళ్ళి, ఆమె మళ్ళీ నలుగురిలో తిరిగేదాకా పక్కన ఉండి వచ్చాను. రోగి పక్కన కూర్చోవడం యాత్ర ఎట్లా అవుతుందని కొందరికి అనిపించవచ్చు. ఆ దారిలో నాకు తగిలిన మనుషులు ఏ గోపురానికీ తీసిపోరు. అటువైపు వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మా సంగతి ఒక్క మాట చెప్పాలి. తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగై చుట్టూ మా పెద్దలకు కొన్ని పల్లెలుండేవి. ఇప్పుడు లేవు. ఎట్లా పోయాయో చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు. మా నాన్న నన్ను వెంటబెట్టుకుని ఉద్యోగానికి కర్నూలు వచ్చేశాడు. అక్క మా అవ్వ దగ్గరే ఉండిపోయింది. నేను తెలుగు బడిలో చదివాను, ఆమె తమిళ బడిలో చదివింది. ఆమెకు తెలుగు అక్షరాలు రావు, నాకు తమిళ అక్షరాలు రావు. అవ్వ ఇద్దరికీ నేర్పింది మాత్రం ఒకటే: కూర్చుంటే వీపు నిటారుగా ఉండాలి, ఎవరి ముందూ చెయ్యి చాచకూడదు. ఈ వయసులోనూ ఇద్దరం దాన్ని వదులుకోలేదు.

తిరువళ్ళూరు

బావ చెంగల్రాయ వీరరాఘవస్వామి గుడి వీధిలో కిరాణా అంగడి నడుపుతాడు. అంగడి ఆయనదే గానీ దాన్ని నిలబెట్టింది అక్క నోరు. బావ తూకం వేస్తాడు, పొట్లం కడతాడు. పలకరింపు, బేరం, చీవాట్లు, ఊరి కబుర్లు అన్నీ అక్కవి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ ఊళ్ళో తెలుగు కుటుంబాలన్నీ అంతే. మాట తెలుగులో మొదలై తమిళంలో తేలుతుంది. కర్నూలు నుంచి వెళ్ళినవాడికి మొదట చెవి అలిసిపోతుంది. తర్వాత ఆ కలగలుపు లేకపోతే చప్పగా ఉంటుంది.

ఆమెకు ముందు నాలుక పక్కన చిన్న పుండు లేచింది. వేడి చేసిందన్నారు. ఆ వైపు నోటిపూతకు కామంచి ఆకు వండుకుని తింటారు, వాళ్ళు దాన్ని మణత్తక్కాళి అంటారు. అక్క కూడా అదే తింటూ కూర్చుంది. విరిగిన పన్ను ఒరుసుకుని పుండు పెద్దదయింది. ముక్క తీసి పరీక్ష చేస్తే సంగతి బయటపడింది. నాలుక ఎడమ పక్క కొంత తీసేయాలి, మెడలో గడ్డలు కూడా తీయాలి, ఖాళీ అయినచోట ముంజేతి చర్మం తెచ్చి అతకాలి అని డాక్టరు చెప్పాడట. అక్క ఆయన్ని బతుకుతానా అని అడగలేదట. "నేను మాట్లాడితే కొత్తోళ్ళకు అర్థమవుతాదా?" అని అడిగిందట. తినడం తప్పకుండా వస్తుంది, మాట ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేను అన్నాడట డాక్టరు.

నేను దిగిన సాయంత్రం అక్క అంగట్లోనే ఉంది, పూలమ్మే కన్నియమ్మతో బేరం ఆడుతోంది. కన్నియమ్మ రోజూ ఆ గడప ముందు గంప దించుతుంది. కనకాంబరాలు మూర ముప్పై అంటే ఇరవై అని అక్క, ఆ ధరకు కాగితం పూలు వస్తాయని కన్నియమ్మ. మరునాడు ఆపరేషన్ అని ఆ వీధికంతా తెలుసు. అయినా కన్నియమ్మ ఒక్క రూపాయి దిగలేదు. మా ఊళ్ళో అయితే అటువంటి మనిషి దగ్గర డబ్బులు తీసుకోకుండా, కళ్ళు తుడుచుకుంటూ పూలు చేతిలో పెట్టేవారు. అదీ మర్యాదే. కానీ ఆ సాయంత్రం అక్క ముఖం చూశాక కన్నియమ్మ మర్యాదే పెద్దదనిపించింది. ముప్పై తీసుకుని వెళ్తూ వెళ్తూ, "సీక్రం వా. నీతో పోట్లాడకుంటే నాకు బోణీ కాదు" అంది. త్వరగా రమ్మని చెప్పడం అది.

మద్రాసు ఆసుపత్రి

అందరూ చెన్నై అంటున్నా మా ఇంట్లో ఇంకా మద్రాసే. ఆసుపత్రిలో రోగుల తాలూకువాళ్ళు కూర్చునే పెద్ద హాలు ఒకటుంది. అక్కను లోపలికి తీసుకుపోయాక బావ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నా పక్కన పళ్ళిపట్టు నుంచి వచ్చిన ఒక పెద్ద రైతు ఉన్నాడు. ఆయన నన్ను తెలుగువాడిగా పోల్చుకుని, "మీకు యాడ అయ్యా?" అని అడిగాడు.

"కర్నూలు" అన్నాను.

ఆయన కొంచెంసేపు నన్ను చూశాడు. "అది ఊరు గదా సామీ. జబ్బు యాడ అని అడిగితిని."

ఆ హాలులో ఎవరూ ఊరు అడగరు, పేరు అడగరు, ఏం జబ్బని అసలే అడగరు. అందరికీ అదే జబ్బు. ఎక్కడ అన్నదే ప్రశ్న. నేను నాలుక అని చెప్పాను. ఆయన తన భార్యకు కడుపు అని చెప్పాడు. కర్నూలు కంటే నాలుకే మేలులే అన్నాడు, అంత ఎండలో మీరు బతకలేదా అని. నవ్వవలసిన చోటు కాదు గానీ నవ్వు వచ్చింది. గోడ వైపు తిరిగిన బావ భుజాలు కూడా కదిలాయి.

మధ్యాహ్నం ఆయన కూతురు చింతపండు పులిహోర తెచ్చింది. అక్కడ దాన్ని పుళిసాదం అంటారు. మా వైపు పోపులో వేరుశనగలు దండిగా పడతాయి. వాళ్ళు నువ్వులు వేయించి పొడి చేసి కలుపుతారు. ముందు మా ఇద్దరి ఆకుల్లో పెట్టి తర్వాత తాము పెట్టుకున్నారు. ముక్కూ ముఖమూ తెలియనివాళ్ళ చేతి తిండి మా ఇంట్లో తినం. కానీ ఆ హాలులో వద్దనడం అంటే మీ కష్టం వేరు, నా కష్టం వేరు అని చెప్పడం. తిన్నాను. అంత బాగా కుదిరిన పులిహోర నేను పెళ్ళిళ్ళలో కూడా తినలేదు.

అక్కను చూడనిచ్చినప్పుడు ఆమె ముక్కులో గొట్టం ఉంది, మెడ చుట్టూ కట్టు ఉంది, ఎడమ చేతికి కట్టు ఉంది. కళ్ళు మాత్రం ఎప్పటివే. నా చొక్కా పైగుండీ ఊడి ఉంటే పెట్టుకోమని వేలితో చూపించింది. బావకు అప్పటిదాకా నిలిచిన ధైర్యం అప్పుడు చెదిరింది. బయటికి పోయి చాలాసేపటికి గానీ రాలేదు.

తీసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయనీ, మెడ గడ్డల్లో ఏమీ లేదనీ, రేడియేషన్ కరెంటు పెట్టాల్సిన పని లేదనీ తర్వాత తెలిసింది. మాట సంగతి అట్లాగే ఉంది.

మళ్ళీ తిరువళ్ళూరు

వంట చేయడం తెలియని బావ మిక్సీ ముందు నిలబడి నేర్చుకున్న విద్య గురించి ఎంత చెప్పినా తక్కువే. రసం అన్నం మెత్తగా రుబ్బి గుడ్డలో వడగట్టేవాడు. ఇడ్లీ మజ్జిగలో నానేసి గిలకొట్టేవాడు. పొంగలి రుబ్బేముందు కారం తగలకూడదని మిరియాలు ఒక్కొక్కటే ఏరేవాడు. అంగడి మధ్యాహ్నం దాకా మూతపడే ఉండేది. ఎవరైనా అడిగితే, సరుకు రుబ్బుకుంటున్నానని చెప్పేవాడు.

వీరరాఘవస్వామిని ఆ ఊళ్ళో వైద్యుడంటారు. జబ్బు తగ్గాలని ఉప్పు, మిరియాలు సమర్పిస్తారు. కన్ను, చెయ్యి, కాలు అచ్చుగుద్దిన పలచని రేకులు కూడా వాకిట్లో అమ్ముతారు. ఏ అంగానికి బాధ అయితే ఆ రేకు కొని దేవుడి ముందు పెడతారు. మా వైపు ముడుపు కడతాం గానీ ఇంత వివరంగా చెప్పుకోం. ఒకరోజు బావ నన్ను వెంటబెట్టుకుని నాలుక రేకు కోసం వెళ్ళాడు. రేకులమ్మే ముసలమ్మ డబ్బా అంతా కుమ్మరించింది. కడుపు ఉంది, చెవి ఉంది, పసిబిడ్డ కూడా ఉంది. నాలుక లేదు.

"నాలుక యాడన్నా విడిగా ఉంటాదా సామీ? మొగం తీసుకో. నాలుక దాంట్లోనే ఉండాది" అంది.

బావ రేకును తిప్పి తిప్పి చూశాడు. "ఇది నోరు మూసుకోని ఉండాదే. తెరిచింది ఉంటే ఇవ్వమ్మా."

"ఆడదాని మొగమే గదా నీకు కావాల్సింది? మూసినా ఎంతసేపు మూసుకోని ఉంటాది, ఎత్తుకోని పో."

బావ అదే కొన్నాడు. గుళ్ళో ఆయన చాలాసేపు నిలబడ్డాడు. నేను వెనక నిలబడి స్వామిని కాదు, ఆయన్నే చూస్తూ ఉండిపోయాను.

గొట్టం తీసేశాక మాట నేర్పడం మొదలైంది. ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి ఒకామె ఉంది, తమిళురాలు, వయసులో మా పిల్లలకంటే చిన్నది. ముందు పెదవులతో పలికేవి, తర్వాత గొంతులో పలికేవి, ఆ తర్వాత నాలుక కొసతో పలికేవి అని వరుస పెట్టింది. అక్క బావను మామా అని పిలుస్తుంది, అటువైపు చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు భర్తను అట్లాగే పిలుస్తారు. మామ అనడానికి నాలుకతో పనే లేదు, రెండు పెదవులు చాలు. అందుకని ఆమెకు అన్నిటికంటే ముందు వచ్చిన మాట అదే. పొద్దున లేచినప్పటి నుంచి మామా, మామా అని పిలుస్తుంటే బావ పలుకుతూ తిరిగాడు. పిలిచిన పని ఏమీ లేకపోయినా వచ్చి నిలబడేవాడు.

నా వంతు అంత తేలికగా రాలేదు. తమ్ముడా అనాలంటే మొదట నాలుక కొస పంటికి తగలాలి. కొత్తగా అతికిన నాలుక అక్కడిదాకా పోదు. ఒక సాయంత్రం అక్క నా వైపు తిరిగి, ఊపిరి బిగబట్టి పిలిచింది. 'త' రాలేదు.

"అమ్ముడా" అంది.

బావ గిన్నె పక్కన పెట్టాడు. "అమ్ముడా? మీ ఇంట్లో అమ్ముడు పోకుండా మిగిలింది ఈ బామ్మర్ది ఒక్కడే అనుకున్నా. వీణ్ణి గూడా అమ్మేసినావా?"

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే ఆ గడప దిగి వచ్చేసేవాణ్ణి. మా పల్లెల సంగతి మా ముఖం మీద అనే చనువు నేను ఎవరికీ ఇవ్వలేదు. కానీ అక్క నవ్వింది. ఆపరేషన్ తర్వాత అదే మొదటి నవ్వు. కుట్లు లాగుతాయని రెండు చేతులతో దవడలు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆమె కట్టు తీసిన ముంజేతిని చూపించి, నోటిని చూపించి, ముక్కలు ముక్కలుగా ఏదో చెప్పింది. రెండుసార్లు విన్నాక అర్థమైంది. నా చెయ్యే నా నోట్లో ఉండాది, ఇంక ఎవురి ముందరా చెయ్యి చాచాల్సిన పని లేదు అంటోంది.

కరెంటు బండి

తిరువళ్ళూరు నుంచి మద్రాసుకు కరెంటు బండ్లు పొద్దున నుంచీ నడుస్తూనే ఉంటాయి. మాట నేర్చుకోవడానికి ఆ బండిలోనే పోయేవాళ్ళం. మల్లెపూల గంపలు, కూరగాయల మూటలు, చీర పిన్నులు అమ్మేవాళ్ళు, నిలబడే నిద్రపోయే ఉద్యోగస్తులు. ఆ రద్దీలో అక్క మెడ మీద గీత చూసి ఎవరో ఒకరు లేచి చోటిచ్చేవారు. జాలిగా చూడకుండా, తాము దిగిపోయే వేళయిందన్నట్టు లేచేవారు. తర్వాత మూడు స్టేషన్ల దాకా తలుపు దగ్గర నిలబడే ఉండేవారు. ఇంత సున్నితం మా వైపు బస్సుల్లో నేను చూడలేదు.

ఆ బండిలోనే ఒక దెబ్బ కూడా తగిలింది. తెలుగు అక్కకు తొందరగా తిరిగి వస్తోంది. ఇంట్లో మేమంతా ఆమె కొత్త పలుకుకు అలవాటుపడ్డాం. తమిళమే మొండికేసింది. ఆ భాషలో నాలుకను బాగా వెనక్కి మడిచి పలికే, మన తెలుగులో లేని 'ళ' ఒకటుంది. పండును పళం అనాలన్నా, వానను మళై అనాలన్నా అదే కావాలి. తమిళులే చాలామంది దాన్ని సరిగా పలకరు. అక్క బళ్ళో పంతులమ్మలా పలికేది. ఇప్పుడు అది లేదు, దానితోపాటు 'ర', 'ల' కూడా నీళ్ళలో నానినట్టు వస్తున్నాయి. ఒకరోజు ఎదుటి సీటులో కూర్చున్న ఒకామెను అక్క ఏదో అడిగింది. ఆమె మర్యాదగానే విన్నది. విని, బావ వైపు తిరిగి, అమ్మ ఏమంటోంది అని అడిగింది. బావ చెప్పాడు. ఆమె జవాబు కూడా బావకే చెప్పింది.

ఆ తర్వాత అక్క బయటివాళ్ళతో మాట్లాడడం మానేసింది. అంగట్లో కూర్చునేది గానీ, ఎవరైనా వస్తే తూకం రాయితో బల్ల మీద టకటక కొట్టి బావను పిలిచేది. కన్నియమ్మ వచ్చి ముప్పై అంటే మూడు వేళ్ళలో ఒకటి మడిచేది. కన్నియమ్మ, "వేళ్ళతో బేరమా? నోటితో అడిగితేనే తగ్గిస్తా" అని గంప ఎత్తుకుని పోయేది. మాట నేర్పే అమ్మాయి కూడా అదే అంది. అభ్యాసం ఇంట్లో కాదు, కొత్తవాళ్ళతో చేయాలట. అక్క తల ఊపింది. ఊపి ఊరుకుంది.

వెంగల్

బావకు వెంగల్‌లో కొద్దిగా వరిపొలం ఉంది. గాలి మారుతుందని అక్కడికి తీసుకుపోయాడు. తిరువళ్ళూరు గోల విన్న చెవులకు ఆ పల్లె తియ్యగా ఉంది. నీళ్ళు పెట్టిన మడులు, కొంగలు, మోటారు చప్పుడు. బావ పెద్దమ్మ ఒకామె ఆ ఇంట్లో ఉంటుంది. చెవులు పూర్తిగా వినపడవు. మొదట నేను భయపడ్డాను. ఒకరికి మాట రాదు, ఒకరికి వినపడదు, వీళ్ళిద్దరినీ ఒకచోట పెట్టి ఏం చేయాలి అని. ఆ ఇద్దరూ అరుగు మీద కూర్చుని పొద్దంతా ముచ్చట పెట్టుకున్నారు. పెద్దమ్మ జవాబులకు, అక్క ప్రశ్నలకు ఏ సంబంధమూ లేదు. ఇద్దరికీ తృప్తిగానే ఉంది.

అక్క మొదటిసారి అన్నం రుబ్బకుండా తిన్నది అక్కడే. కొత్తబియ్యం మెత్తగా వండి, పెసరపప్పు, నెయ్యి కలిపి పెద్దమ్మ ముద్ద చేసి పెట్టింది. అక్క కుడి దవడకు తోసి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా నమిలి మింగింది. బావ ఎదురుగా కూర్చుని తాను కూడా మింగాడు, ఆయన నోట్లో ఏమీ లేకపోయినా.

తిరుత్తణి

బావకు మొక్కు ఉంది. తిరుత్తణి కొండ మీద తల నీలాలు ఇస్తానని ఆపరేషన్ రోజు అనుకున్నాడట. పర్వదినం కాని రోజు చూసుకుని వెళ్ళాం. అయినా కావళ్ళు ఎత్తినవాళ్ళు, గుండు మీద గంధం పూసుకున్న పిల్లలు, నెమలి ఈకల కట్టలు, ముద్దలు ముద్దలుగా పంచామృతం. సరిహద్దు కొండ కనుక రెండు భాషలూ సమానంగా వినిపిస్తాయి. పూలు తెలుగులో అడిగితే తమిళంలో చిల్లర ఇస్తారు.

బావ గుండు చేయించుకుని వచ్చాడు. అక్క ఆయన తల నిమిరి చూసి, ఇంట్లో కొబ్బరికాయ తక్కువైంది, ఇప్పుడు సరిపోయింది అని తెలుగులో నెమ్మదిగా అంది. ఇంట్లో ఆమె ఇప్పుడు ఇట్లా ఎంతైనా మాట్లాడుతుంది.

వరుసలో నిలబడ్డాం. మా పెద్దల పల్లె గుళ్ళో మా తాతకు తలపాగా చుట్టి తొలి ప్రసాదం చేతికిచ్చేవారట. నేను చీటీ కొనుక్కుని అందరితోపాటు నిలబడ్డాను. అందులో చిన్నతనమేమీ కనిపించలేదు. ఆ వరుసలో నా ముందున్న మనిషికంటే గొప్పవాణ్ణని చెప్పుకోవాలని నాకు తోచలేదు.

వరుస కొంచెం ముందుకు కదిలి మళ్ళీ ఆగింది. బావా నేనూ ముందుకు వచ్చేశాం. అక్క రెండడుగులు వెనకబడింది. ఆమె పక్కన కాంచీపురం వైపు నుంచి వచ్చిన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చేతిలో నిద్రపోతున్న మనవరాలు. ఆమె అక్కను తమిళంలో అడిగింది, ఇంకా ఎంతసేపు పడుతుందో అని.

అక్క మా కోసం చూసింది. నేను వెనక్కి తిరిగి జవాబు చెప్పబోయాను. బావ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. నా వైపు చూడలేదు, ముందున్న కటకటాలకేసి చూస్తూ పట్టుకున్నాడు.

అక్క చెప్పింది. ఒక గంట పట్టవచ్చు, పిల్లను ఇటివ్వండి, మీ చెయ్యి నొప్పెడుతుంది అని. నానిన 'ర'తో, లేని 'ళ'తో, తమిళంలో, తనే చెప్పింది.

ఆ ఆడమనిషి పిల్లను అందించింది. అందించి, అక్కను తేరిపార చూసి, "నీంగ ఆంధ్రావామ్మా?" అని అడిగింది. మీరు ఆంధ్రావాళ్ళా అని. తర్వాత నచ్చినట్టు తల ఊపి, ఆంధ్రా నుంచి వచ్చి కూడా తమిళం ఎంత బాగా మాట్లాడుతున్నారో అంది.

తిరువళ్ళూరు గుడి వీధిలో పుట్టినవాళ్ళకే తమిళం దిద్దిన మనిషి మా అక్క. బావ చెయ్యి నా మణికట్టు మీద ఇంకా బిగుసుకుంది. తర్వాత అక్క పిల్లను భుజం మీద సర్దుకుని, వీపు నిటారుగా నిలిపి చెప్పింది.

"ఆమామ్మా. ఆంధ్రా దా." అవునమ్మా, ఆంధ్రానే అని.

అక్కడి నుంచి ఇక ఆగలేదు. ఆంధ్రాలో ఎండలెట్లా ఉంటాయో, బియ్యం ఏ రకం దొరుకుతుందో, అక్కడి మగవాళ్ళు వంట చేస్తారో లేదో ఆమె అడుగుతూ పోయింది, తాను రెండుసార్లు మాత్రమే చూసిన మా ఊరి గురించి అక్క చెబుతూ పోయింది. కొన్ని అబద్ధాలు కూడా చెప్పింది. ముందు గుండుతో నిలబడిన తన భర్త అక్కడ పేరున్న వంటవాడని చెప్పింది. కొన్ని మాటలు ఆ ఆడమనిషికి అందలేదు. అందనప్పుడు "ఎన్నమ్మా?", ఏమన్నారమ్మా అని అక్కనే అడిగింది. అక్క మళ్ళీ చెప్పింది.

వరుస కదిలి, ఆగి, మళ్ళీ కదిలింది. గర్భగుడి దాకా అట్లాగే నడిచాం. అంతసేపట్లో ఆ ఆడమనిషి ఒక్కసారి కూడా మా వైపు తిరిగి, అమ్మ ఏమంటోంది అని అడగలేదు.